పప్పులో ఆనపకాయ... బాబుకి చెప్పాలా, వద్దా?

ప్రశ్న: మేం గాజువాకలో ఉంటాం. మా బాబుకి అయిదున్నరేళ్లు, యూకేజీ చదువుతున్నాడు. ముద్దపప్పు నెయ్యి, పెరుగన్నం, ఆమ్లెట్, బంగాళదుంప వేపుడు, ఉత్త దోశ... వాడు తినేవి ఇంతే. కూరగాయ ముక్క కనిపిస్తే చాలు, ఏరి కంచం అంచున పెట్టేస్తాడు. పోపులో కరివేపాకు కూడా వదలడు. ఈ మధ్య దోశ పిండిలో బీట్‌రూట్ రుబ్బి కలిపి ‘పింక్ దోశ’ అని పెట్టాను. రెండు రోజులు బాగానే తిన్నాడు. మూడో రోజు మా వారు నవ్వుతూ, ‘ఒరేయ్, మీ అమ్మ నీకు బీట్‌రూట్ తినిపించేసిందిరా’ అన్నారు. అంతే! ఇప్పుడు మామూలు దోశ వేసినా చించి, వాసన చూసి, ‘ఇందులో ఏం కలిపావ్?’ అని నిలదీస్తున్నాడు. మా అత్తగారేమో ‘ఆకలేస్తే ఆడే తింటాడు, వదిలీ’ అంటారు. మళ్లీ ఆవిడే ఫోన్ చూపిస్తూ ముద్దలు పెడతారు. విచిత్రం ఏంటంటే, బీచ్‌కి వెళ్తే మురీ మిక్చర్ మాత్రం పొట్లం మొత్తం ఖాళీ చేస్తాడు. తెలియకుండా కూరగాయలు కలిపి పెట్టడం తప్పా? కలపాలంటే ఎలా కలిపితే పట్టుకోడు? స్కూలుకి పెట్టే డబ్బా కూడా సగం వెనక్కి వస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, గాజువాక

సమాధానం: మీరు ‘విచిత్రం’ అని చివర్లో రాసిన మురీ మిక్చర్ దగ్గర నుంచే మొదలుపెడదాం. ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

ఈసారి ఆర్కే బీచ్‌కి వెళ్లినప్పుడు బండి దగ్గర కాసేపు నిలబడి చూడండి. గిన్నెలో మురీలు (మరమరాలు) పోస్తాడు. సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర వేస్తాడు. సీజన్‌లో పచ్చిమామిడికాయ కోరు పడుతుంది. కొందరు కేరట్ తురుము కూడా వేస్తారు. పైన నిమ్మకాయ పిండి, గరిటెతో టకటకా కలిపి, పొట్లంలో పోసి చేతికిస్తాడు. మీ వాడు తింటున్నది అదీ! పచ్చి ఉల్లిపాయ, పచ్చి టమాటా, కొత్తిమీర. ఇంట్లో కరివేపాకు రెబ్బని కూడా ఏరి పారేసే పిల్లాడు ఇక్కడ ఇవన్నీ నములుతున్నాడు.

తేడా ఎక్కడుందో చూడండి. అక్కడ అన్నీ వాడి కళ్ల ముందే కలుపుతున్నారు. ఏం పడుతోందో వాడికి తెలుసు. కరకరలాడుతుంది, పుల్లగా ఉంటుంది, మెత్తగా జారే ముక్క ఒక్కటీ ఉండదు. నాన్న చేతిలోనూ అదే పొట్లం. ‘ఇంకొక్క ముద్ద, మా బంగారం కదూ’ అని ఎవరూ వెంటపడరు. తినకపోతే ఎవరి ముఖమూ మాడదు. మీ ఇంటి కంచం దగ్గర ఇందులో ఏదీ జరగడం లేదు. అంటే మీ వాడి గొడవ కూరగాయతో కాదు. మెత్తదనంతో, తెలియకుండా నోట్లోకి వచ్చేదానితో, బలవంతంతో.

ఇక మీ అసలు ప్రశ్న. కూరగాయలు రుబ్బి కలిపి పెట్టడం తప్పా? కానే కాదు. మన వంటే అలాంటిది. సాంబారులో గుమ్మడికాయ కరిగిపోతే ఎవరూ దాచారనరు. తోటకూర పప్పు, బీరపొట్టు పచ్చడి, ఆనపకాయ తురిమి వేసిన అట్లు... ఇవన్నీ దాచడం కాదు, వంట. ఫలితం లేని పని కూడా కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు 40 మందికి, వాళ్లు రోజూ తినే పదార్థాల్లోనే కూరగాయల గుజ్జు కలిపి పెట్టారు. గుజ్జు ఎక్కువ కలిపిన రోజున పిల్లలు తిన్న కూరగాయల మొత్తం దాదాపు రెట్టింపైంది. ఇంకో సంగతి, పక్కన విడిగా పెట్టిన కూరగాయలు కూడా ఎప్పటిలాగే తిన్నారు. గుజ్జు కలిపినందువల్ల అవి తగ్గలేదు.

అయితే దీనికి ఒక హద్దుంది. రుబ్బిన గుమ్మడికాయ పొట్టలోకి వెళ్తుంది, అంతే. గుమ్మడికాయ ముక్క ఎలా ఉంటుందో, పంటికింద ఎలా నలుగుతుందో వాడికి తెలియదు. పదేళ్లొచ్చాక కూడా మీరు మిక్సీ పట్టుకునే తిరగాల్సి వస్తుంది. అందుకే కలపడం ఒకవైపు, కనిపించేలా పెట్టడం ఒకవైపు, రెండూ జరగాలి. ఇక అబద్ధం సంగతి. కలిపి, ‘ఏం కలిపావ్?’ అని వాడు అడిగినప్పుడు ‘ఏమీ లేదు నాన్నా, ఒట్టు’ అంటేనే తప్పు. అడగనప్పుడు మీరు పనిగట్టుకుని చెప్పక్కర్లేదు. అడిగితే మాత్రం మామూలు గొంతుతో చెప్పేయండి.

‘ఇందులో ఏముంది?’
‘కందిపప్పు, కొంచెం గుమ్మడికాయ.’
‘నాకొద్దు.’
‘సరే, పెరుగన్నం ఉంది, తిను.’

ఇంతకుమించి సంభాషణ వద్దు. అలా చెబితే కొన్ని రోజులు పప్పు కూడా తినడు కదా అంటారేమో. నిజమే, తినడు. తినకపోతే పోనీ. నాలుగు రోజులు గుమ్మడికాయ పోతే మళ్లీ పెట్టుకోవచ్చు. అమ్మ పెట్టేదాంట్లో ఏదో ఉంటుందన్న అనుమానం ఒకసారి పాతుకుంటే తెల్ల దోశ కూడా పోతుంది. ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్నది అదే.

బీట్‌రూట్ దోశ ఎందుకు దెబ్బకొట్టిందో కూడా చూద్దాం. మీ వారు నోరు జారడం ఒక్కటే కారణం కాదు. బీట్‌రూట్‌కి ఒక మట్టి వాసన ఉంటుంది. దానికి కారణం జియోస్మిన్ అనే పదార్థం. తొలకరి వానకి నేల వాసన వేయడానికీ అదే కారణం. మన ముక్కు దాన్ని ఇసుమంత ఉన్నా పట్టేస్తుంది, పిల్లల ముక్కయితే చెప్పక్కర్లేదు. పులుపు తగిలితే ఆ వాసన తగ్గుతుంది. కాబట్టి బీట్‌రూట్‌కి సరైన చోటు దోశ కాదు, చింతపండు పడే సాంబారు, నిమ్మరసం పిండే పెరుగు పచ్చడి లాంటివి. (బీట్‌రూట్ తిన్న మర్నాడు కొందరు పిల్లలకి మూత్రం ఎర్రగా వస్తుంది. కంగారుపడి ఆసుపత్రికి పరిగెత్తకండి.) రెండో సంగతి రంగు. తెల్లని దోశని గులాబీ రంగులోకి మారిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. మూడోది ముఖ్యం: వాడు నమ్మి తినే అయిదారు వంటకాల్లో ఒకదాన్ని మీరు మార్చారు. అందుకే ఇప్పుడు ఒక పని చేయండి. పెరుగన్నాన్ని అస్సలు ముట్టుకోకండి. అందులో ఎప్పటికీ ఏమీ కలపనని మీకు మీరే అనుకోండి. ఇల్లంతా తలకిందులైనా ఆ ఒక్క ముద్ద మాత్రం వాడు కళ్లు మూసుకుని తినగలగాలి.

దోశ సంగతి ఇంకోలా చక్కబెట్టాలి. కొన్నాళ్లు ఉత్త దోశే వేయండి. పిండి గిన్నె వాడి ముందే తెరిచి, గరిటె వాడి చేతికే ఇచ్చి, మీరు చెయ్యి పట్టుకుని పెనం మీద తిప్పించండి. ‘ఏం కలిపావ్?’ అంటే ‘నువ్వే చూశావుగా, ఏమీ లేదు’ అనొచ్చు. అప్పుడది నిజం కూడా. ఆ అనుమానం కాస్త సద్దుమణిగాక, ‘ఇవాళ పైన ఏం చల్లుదాం, ఉల్లిపాయా కేరటా?’ అని అడగండి. చిటికెడు తురుము వాడి చేత్తోనే చల్లనివ్వండి. వద్దంటే ఉత్తదే. బండివాడు చేసేది ఇదే కదా, మీ వంటింట్లో మీరు చేస్తారు.

ఇప్పుడు కలిపే విద్య. ముద్దపప్పుతోనే మొదలుపెట్టండి, మీ వాడికి అదిష్టం కాబట్టి కాదు, అందులో తియ్య గుమ్మడి రంగు కలిసిపోతుంది కాబట్టి. కందిపప్పు ఎప్పటిలాగే దోరగా వేయించండి, ఆ కమ్మటి వాసన చాలా పనిచేస్తుంది. గ్లాసు పప్పుకి చెక్కు తీసిన గుమ్మడి ముక్కలు మొదట్లో నాలుగైదు చాలు. వాటితో పాటే కుక్కర్లో పెట్టండి. చాలామంది చేసే పొరపాటు నీళ్ల దగ్గర. గుమ్మడికాయా ఆనపకాయా తమ నీళ్లు తామే వదులుతాయి. మామూలు కొలతకే నీళ్లు పోస్తే ముద్దపప్పు కాస్తా జారుపప్పు అవుతుంది. మీ వాడు పట్టుకునేది రుచిని కాదు, ఆ జారుడుని. కాబట్టి నీళ్లు తగ్గించి పోయండి. ఉడికాక పైన తేరిన నీళ్లు ఒక గిన్నెలోకి వంచుకుని, పప్పుగుత్తితో పేస్టులా మెదిపి, ఆ నీళ్లే కొంచెం కొంచెంగా కలుపుతూ ముద్దపప్పు గట్టిదనం తెచ్చుకోండి. ఉప్పు ఒక చిటికెడు ఎక్కువే పడుతుంది, గుమ్మడి తీపి కదా. పైన నెయ్యి ఎలాగూ వేస్తారు. అది కూడా మంచిదే, గుమ్మడిలోని విటమిన్ ఎ కి మూలమైన కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. వారం పది రోజులకి ముక్కలు ఇంకో రెండు పెంచండి. తర్వాత ఒకరోజు అన్నీ మెదపకుండా ఒక చిన్న ముక్క అలాగే ఉంచండి.

మిగతావాటికి సూత్రం ఇదే, రంగుకి రంగు. పెసరట్టు ఎలాగూ పచ్చగా ఉంటుంది కాబట్టి పాలకూర అందులోకి. కాకపోతే పచ్చి ఆకు రుబ్బితే పసరు వాసన వస్తుంది. నూనె చుక్క వేసి రెండు నిమిషాలు మగ్గించి రుబ్బండి. ఎర్రగా ఉండే టమాటా చారులోకి ఉడికించి రుబ్బిన కేరట్. ఇడ్లీలోకి చేసే పల్లీల చట్నీలో మగ్గించిన ఆనపకాయ ముక్కలు నాలుగు వేసి రుబ్బితే రంగూ మారదు, రుచీ పెద్దగా మారదు. పైగా చట్నీ మెత్తగా వస్తుంది. బీరకాయయితే చెక్కు మొత్తం తీసేయండి, పచ్చటి పీచు ఒక్కటి కనిపించినా దొరికిపోతారు. రుబ్బినదాన్ని వడకట్టకండి, పీచుపదార్థం అంతా జల్లెట్లో ఉండిపోతుంది. క్యాబేజీని మాత్రం ఎందులోనూ దాచాలని చూడకండి. ఎక్కువసేపు ఉడికేకొద్దీ దాని గంధకం వాసన ఇల్లంతా చెప్పేస్తుంది. రీల్స్‌లో పాలకూర కేకులు, బీట్‌రూట్ బ్రౌనీలు చేసేవాళ్లకి ఒక దండం పెట్టి పక్కకి జరగండి. అందులో ఆకుకూర కన్నా చక్కెర ఎక్కువ.

ఒక జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. దోసకాయ కోయగానే చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు చూసే అలవాటు మనందరికీ ఉంది. ఆనపకాయకీ అదే చేయండి. చేదు ఆనపకాయలో ఉండే కుకుర్బిటాసిన్లు విషపదార్థాలు. వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి ప్రాణం మీదకి తెస్తాయి. ఉడికించినా ఆ చేదు పోదు. రుబ్బి కలిపేటప్పుడు చేదు మరుగున పడిపోతుంది కాబట్టి మరీ జాగ్రత్త. నాలిక మీద చేదు తగిలిందా, కాయ మొత్తం చెత్తబుట్టలో వేయండి.

ఇంకొక చిన్న విషయం కారం. పిల్లలు కూర వద్దంటున్నారనుకుంటాం, చాలాసార్లు వాళ్లు వద్దనేది కారాన్ని. కూరలో కారం వేయకముందే వాడి వంతు తీసి పక్కన పెట్టేయండి. ఆవ పెట్టిన కూర అయితే ఆవ కలపకముందే. ఆ ఘాటు మనకి ఇష్టం గానీ, అయిదేళ్ల ముక్కుకి అది శిక్షే.

కనిపించేలా పెట్టే వంతుకి వద్దాం. దీనికి మీకు బంగాళదుంప వేపుడు ఉంది, అది చాలా పెద్ద ఆస్తి. దాని పక్కింటివాళ్లని ఒక్కొక్కరినీ పరిచయం చేస్తూ పోండి. బంగాళదుంపని ఏ సైజులో కోస్తారో అదే సైజులో అరటికాయ, అదే ఉప్పు, అదే వేపు. ముందు అందులో కలిపి నాలుగు ముక్కలు, తర్వాత విడిగా. అరటికాయ కుదిరాక చామదుంప, కంద. కందని మాత్రం ముందు చింతపండు నీళ్లలో ఉడికించండి. నోరు ఒక్కసారి దురద పెట్టిందంటే ఏడాదిపాటు కంద పేరెత్తనివ్వడు. ఆ తర్వాత కరకరలాడేలా వేయించిన దొండకాయ, బెండకాయ. దుంపల నుంచి బెండకాయ దాకా రావడానికి నెలలు పట్టొచ్చు, పట్టనివ్వండి. రోజూ వేపుడేనా అంటే, మొదట్లో అవును. తినడం వచ్చాక నూనె తగ్గించుకోవచ్చు.

వారంలో ఒకటి రెండు సాయంత్రాలు ఇంట్లోనే మురీ మిక్చర్ కలపండి. మురీలు కొనుక్కొచ్చి, ఉల్లిపాయ, టమాటా, కీరా, కేరట్ తురుము వేర్వేరు గిన్నెల్లో పెట్టి, బండివాడి వేషం మీ వాడికే ఇవ్వండి. ‘బాబూ, నాకు పది రూపాయలది, కేరట్ ఎక్కువ వెయ్యి’ అని మీ అత్తగారిని అడగమనండి. వాడు తనకి కేరట్ వేసుకోకపోయినా పర్వాలేదు. చేత్తో ముట్టుకున్నాడు, వాసన చూశాడు, నాన్నమ్మ తింటుంటే చూశాడు. లెక్కలోకి అదీ వస్తుంది.

ఆ లెక్క ఏంటంటే, కొత్త తిండి అంటే భయపడటం రెండు నుంచి ఆరేళ్ల మధ్య బాగా ఎక్కువగా ఉంటుంది. మీ వాడు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాడు. ఒక కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు రుచి చూడాల్సి రావొచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. మనం రెండుసార్లు పెట్టి, ‘మా వాడికి బీరకాయ పడదండీ’ అని తేల్చేస్తాం. కాబట్టి ఇంట్లో ఏ కూర చేసినా వాడి కంచంలో ఒక్క ముక్క, గోరంత ముక్క, పెట్టి ఊరుకోండి. దాని గురించి మాట్లాడొద్దు. తింటే చప్పట్లు వద్దు, తినకపోతే నిట్టూర్పు వద్దు. నాకి ఉమ్మేస్తే ఉమ్మేయనివ్వండి, పక్కన ఒక చిన్న గిన్నె పెట్టండి. ‘కూర తింటే చాక్లెట్ ఇస్తా’ అనొద్దు. అలా అంటే కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్టు.

ఆదివారం రైతుబజార్‌కి వెళ్లేటప్పుడు వాడిని తీసుకెళ్లండి. 1999లో మొదలైన ఈ రైతుబజార్లు మనకి మంచి వసతి, ఇంకా మట్టి ఆరని ముల్లంగీ, ఆనందపురం వైపు నుంచి వచ్చే ఆకుకూరలూ అక్కడ చూపించొచ్చు. కానీ ‘ఏం కావాలి?’ అని అడిగితే ‘ఏమీ వద్దు’ అంటాడు. ‘ఈ వారం దొండకాయా, బెండకాయా?’ అని అడగండి. ఏరి సంచీలో వేసే పని వాడిది. ఎన్ని వంకరకాయలు ఏరినా తీసేయకండి.

ఇక మీ వారి సంగతి. ఆయన్ని కూరగాయల భక్తుడిగా మార్చే పని మీరు పెట్టుకోకండి. రెండే కోరండి. ఒకటి, కంచాల దగ్గర ‘దొరికిపోయావ్’ జోకులు వద్దని. వాడు లేనప్పుడు చెప్పండి, వాడి ముందు కాదు. రెండు, వాడు చూస్తుండగా ఏదో ఒక కూరగాయ తినమని. సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి దీనికి దారి సులువే. బీరకాయ రొయ్యలు, ఆనపకాయ ఎండురొయ్యలు, గోంగూర రొయ్యలు... రొయ్య కోసమైనా ఆయన బీరకాయ తింటారు. నాన్న కంచంలో ఆకుపచ్చ ముక్క కనిపిస్తే చాలు. నాన్నే ఏరి పక్కన పెడుతుంటే కొడుకుకి మనం చెప్పేది ఏముంటుంది?

మీ అత్తగారు చెప్పిన మాటలో సగం నిజముంది. ఆకలేస్తే తింటాడు. కానీ ఆకలి వేయనివ్వాలి కదా. మధ్యలో బిస్కెట్లు, చిప్స్, గ్లాసులకొద్దీ పాలు పడితే భోజనం వేళకి ఆకలి ఎక్కడుంటుంది? పాలు రోజుకి అర లీటరు దాటకుండా చూడండి. పాలు మరీ ఎక్కువైతే ఇతర తిండి తగ్గిపోయి, ఐరన్ తగ్గి, రక్తహీనత వచ్చే అవకాశం ఉంది. ఫోన్ విషయం ఆవిడకి మెల్లగా చెప్పాలి. తప్పుపట్టి కాదు, పని అప్పగించి. ఫోన్ చూస్తూ తినేటప్పుడు వాడికి తాను ఏం తింటున్నాడో తెలియదు, అలా నోట్లోకి వెళ్లిన బీరకాయ వాడికి అలవాటు అవ్వదు. దాని బదులు ఆవిడ పక్కన కూర్చుని తన భోజనం తాను చేస్తే చాలు, వాడు తన చేత్తో కలుపుకుని తింటాడు. చుట్టూ మెతుకులు పడతాయి. తుడుచుకోవచ్చు. అలాగే తియ్య గుమ్మడి బెల్లం పులుసు ఎలా చేయాలో ఆవిడనే అడగండి. తీపీ పులుపూ కలిసిన ఆ పులుసు పిల్లలకి బాగా నచ్చుతుంది. అది ఆవిడ చేస్తే కూరగాయల పోరు మీ ఇద్దరి మధ్య పంచాయితీగా మిగలదు.

పోషకాల గురించి మీరు భయపడుతున్నంత లేదు. పళ్లు తింటాడా లేదా మీరు రాయలేదు. తింటే చాలా వరకు గండం గడిచినట్టే. జామకాయలో నారింజ కన్నా ఎక్కువ విటమిన్ సి ఉంటుంది. బొప్పాయి, మామిడిపండులో కెరోటిన్ ఉంటుంది. పప్పూ గుడ్డూ తింటున్నాడు, అది చిన్న విషయం కాదు. పప్పు మీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే అందులోని ఐరన్ ఒంటికి ఇంకాస్త బాగా పడుతుంది. మురీ మిక్చర్ పిల్లాడు కాబట్టి పులుపుకి అడ్డు చెప్పడనుకుంటా.

కానీ కొన్ని కనిపిస్తే నా సలహాలు పక్కన పెట్టి పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బరువు పెరగకపోవడం, తగ్గడం. తినే వంటకాలు ఒక్కొక్కటే తగ్గిపోతూ రావడం. కొత్త తిండి చూడగానే వాంతి చేసుకోవడం, మింగడానికి ఇబ్బందిపడటం, తినేటప్పుడు తరచూ పొలమారడం. బలపాలు, సుద్ద, మట్టి, పచ్చిబియ్యం తినడం, ముఖం పాలిపోవడం. ఇవి రక్తహీనత లక్షణాలు కావొచ్చు, రక్తపరీక్ష చేయించాలి. మలబద్ధకం ఉన్న పిల్లలకీ ఆకలి ఉండదు, అది కూడా డాక్టర్‌కి చెప్పండి. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించారో లేదో చూసుకోండి. మందుల షాపులో అడిగి ‘ఆకలి టానిక్కులు’ మాత్రం కొనకండి.

మిగిలింది స్కూలు డబ్బా. అందులో ఎప్పుడూ కొత్తవి పెట్టకండి. అక్కడ టైమ్ తక్కువ, గోల ఎక్కువ, పక్కవాడు ‘ఛీ, ఏంట్రా అది?’ అంటే ఆ కూర జన్మకి మళ్లీ ముట్టడు. ప్రయోగాలన్నీ ఇంట్లో, సాయంత్రం. డబ్బాలో వాడికి నచ్చినవే: ఆమ్లెట్, నెయ్యి రాసిన దోశ ముక్కలు, పెరుగన్నం. పక్కన చిన్న డబ్బాలో జామకాయ ముక్కలో దానిమ్మ గింజలో. పరిమాణం మీరు అనుకునేదానిలో సగం పెట్టండి. సగం డబ్బా వెనక్కి వస్తోందంటే వాడు తినడం లేదని కాదు, మనం రెట్టింపు పెడుతున్నామేమో చూసుకోవాలి. కొన్నాళ్లు ఇలా పెట్టి చూడండి. ఖాళీ డబ్బా వస్తుంటే అప్పుడు దోశ మీద చల్లే కేరట్ తురుము డబ్బాలోకి కూడా వెళ్లొచ్చేమో వాడినే అడగండి.